చలికాలం రోజుకో ఫొటో: అందరూ నన్ను అడిగే ప్రశ్నలు

దీపావళి వెళ్ళిన మర్నాటి నుంచి శివరాత్రి దాకా రోజుకో ఫొటో తీసి పంచుకోవడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. పిట్టో, పురుగో, తొండో, చెరువు మీద మంచో, ఏదో ఒకటి. మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి, చుట్టాలకి, ఆఫీసులో ఓ పదిమందికి పంపుతాను, వాళ్ళూ పంపుతారు. ఏటా కొత్తవాళ్ళు కలుస్తారు, ఏటా అవే ప్రశ్నలు. ఈసారి ఓపిక చేసుకుని అన్నీ ఒకచోట రాసేశాను, ఇక ఎవరు అడిగినా ఇదే పంపిస్తా.

చలికాలమే ఎందుకు? మిగతా రోజుల్లో పిట్టలు ఉండవా?

ఎందుకుండవు, ఉంటాయి. కానీ మన హైదరాబాద్‌లో చలికాలం నాలుగు నెలలూ చుట్టాలొచ్చిన ఇల్లులా ఉంటుంది. హిమాలయాల నుంచి, ఇంకా పైన మధ్య ఆసియా నుంచి, సైబీరియా వైపు నుంచి బాతులు, నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకులు, తోక ఊపే వాగ్‌టెయిల్స్, రోజీ స్టార్లింగ్‌లు (మన గోరింకకి దగ్గరి చుట్టం, ఒళ్ళు గులాబి రంగు, తల నలుపు) దిగుతాయి. చాలామటుకు అక్టోబర్‌కల్లా దిగి, మార్చి, ఏప్రిల్ నెలల్లో సర్దుకుని వెళ్ళిపోతాయి.

రెండోది వెలుతురు. దీని సంగతి చాలామంది పట్టించుకోరు. డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు. మే నెలలో అయితే నెత్తి మీదే ఉంటాడు, పిట్ట ముఖమంతా నీడ, వీపు మాత్రం తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది. చలికాలంలో ఎండ పక్క నుంచి పడుతుంది కాబట్టి తొమ్మిదింటికి తీసినా ఈకలు విడివిడిగా కనిపిస్తాయి. ఆలస్యంగా లేచేవాళ్ళకి దేవుడిచ్చిన కాలం.

అమీన్‌పూరో గండిపేటో చెరువుకి వెళ్ళాల్సిందేనా?

అక్కర్లేదు. నా మాట నమ్మాలంటే మా సెల్లార్ పార్కింగ్ సంగతి వినండి. మా వాచ్‌మన్ అన్న రోజూ పొద్దున ఆరున్నరకి కార్లు కడుగుతాడు. ఆ నీళ్ళు ర్యాంప్ మీదుగా జారి గేటు దగ్గర చిన్న మడుగు కడతాయి. నవంబర్ మొదటి వారంలో ఓ రోజు అక్కడ బూడిదరంగు వీపు, పసుపు పొట్ట ఉన్న సన్నటి పిట్ట ఒకటి వాలింది. క్షణం కుదురుగా ఉండదు, నాలుగడుగులు పరిగెత్తడం, ఆగి తోక పైకీ కిందికీ ఊపడం, మళ్ళీ పరుగు. టైరు కింద నుంచి పురుగుని లాక్కుని, మడుగులో ఓసారి తడిపి మింగేసింది. అది గ్రే వాగ్‌టెయిల్. కొండ వాగుల దగ్గర పిల్లల్ని కనే పిట్ట అది, చలికాలానికి మాత్రం మా స్విఫ్ట్ డిజైర్ కింద మకాం. ఆ చలికాలమంతా రోజూ వచ్చింది. వాచ్‌మన్ అన్న సెలవు పెట్టి కార్లు కడగని రోజు మాత్రం రాలేదు. ఆయన దాన్ని "డ్యూటీ పిట్ట" అంటాడు.

చెరువుకి వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, నేనూ ఆదివారాలు వెళ్తాను. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, నగరం అంచున ఉన్న ఒక చెరువుకి దేశంలో ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. చుట్టూ టవర్లు లేచాక కూడా కొన్ని చలికాలాల్లో ఫ్లెమింగోలు దిగుతున్నాయి, అది వాటి పెద్దమనసు. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1908 మూసీ వరద తర్వాత మళ్ళీ అలాంటిది రాకూడదని 1920లో కట్టింది, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత 1927లో. జనవరి పొద్దున్నే గండిపేట గట్టు మీద మంచు కోసమైనా ఒక్కసారి నిలబడాలి. జింకలు కావాలంటే వనస్థలిపురం హరిణ వనస్థలి ఉంది, నెమళ్ళంటే కేబీఆర్ పార్కు.

ఫోన్‌తో వస్తాయా? కెమెరా కొనాలా?

మొదటి చలికాలం ఫోన్‌తోనే చేయండి. పురుగులు, సీతాకోకచిలుకలు, సాలెగూళ్ళ మీద మంచు బొట్లు, బండ మీద ఎండ కాచుకునే తొండ, ఇవన్నీ ఫోన్‌కి భేషుగ్గా దొరుకుతాయి. తొండ దగ్గరికి మాత్రం నిలబడి నడవకండి, వంగి, ఆగి ఆగి వెళ్ళండి. పొద్దున్నే ఒళ్ళు వేడెక్కని తొండ అంత తొందరగా పారిపోదు.

దూరంగా ఉన్న పిట్టకి ఫోన్ జూమ్ పెంచితే వచ్చేది ఫొటో కాదు, రంగుల ముద్ద. ఇంట్లో బైనాక్యులర్స్ ఉంటే దాని కంటికి ఫోన్ లెన్స్ ఆనించి తీయండి. మొదటి పది నలుపొస్తాయి, పదకొండోది వస్తుంది. అప్పటికీ మోజు తీరకపోతే ఎవరిదైనా పాత జూమ్ కెమెరా కొనుక్కోండి. ఈఎంఐ మీద పెద్ద లెన్స్ కొని అటక మీద పెట్టినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు, ఒకాయన మా ఇంట్లోనే ఉంటాడు.

కెమెరా ఉన్నవాళ్ళకి మూడు మాటలు చాలు. ఎగిరే పిట్టకి షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గనివ్వకండి. తెల్ల కొంగకి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి, లేకపోతే ఈకలు పోయి తెల్ల కాగితం ముక్కలా వస్తుంది. పది దాటాక చెరువు మధ్యలో ఉన్న బాతుల కోసం అవస్థ పడకండి, నీటి మీద గాలి వేడెక్కి అలలు తేలుతుంది, ఎంత ఖరీదు లెన్సయినా మసకే.

ఎన్నింటికి లేవాలి?

జనవరిలో మనకి సూర్యోదయం ఆరూ నలభై ఐదు, యాభై ప్రాంతంలో. ఆరుంబావుకి లేస్తే సరిపోతుంది. పిట్టలు కూడా చలికి ఆలస్యంగానే లేస్తాయి, టెన్షన్ పడకండి.

నేను ఫ్లాట్ దాటి బయటికి వెళ్ళలేను. బాల్కనీలో ఏముంటుంది?

ఇది ఎక్కువగా పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు అడుగుతారు. మీ కుండీలో కరివేపాకు ఉందా? వెళ్ళి ఆకులు తిప్పి చూడండి. ఆకు మీద పిట్ట రెట్ట వేసినట్టు నలుపూ తెలుపూ కలిసిన చిన్న ముద్ద ఉంటే దాన్ని తుడిచేయకండి, అది సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు రెట్టలా కనిపిస్తే ఎవరూ తినరని దాని ధీమా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి అసలు కనపడదు. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జంట బయటికి తోసి ఘాటైన వాసన కొడుతుంది. మా అత్తయ్య మొదటిసారి చూసి కేక పెట్టింది, ఇప్పుడు తనే "పోపులోకి పక్క కొమ్మ తుంచండి, ఇది వాళ్ళది" అంటోంది. కార్తీకంలో ఆవిడ పంపిన పన్నెండు ఫొటోల వరస (గుడ్డు, గొంగళి, కొమ్మకి దారం కట్టుకున్న ప్యూపా, చివరికి తడి రెక్కలు) మేమంతా పంచుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం. అన్నీ ఫోన్‌లోనే, ఒకే కుండీ ముందు.

మందార ఉంటే తేనెపిట్ట వస్తుంది. చలికాలం మొదట్లో మగ తేనెపిట్ట ఊదారంగు చొక్కా విప్పేసి ఆడదానిలాగే పసుపుగా ఉంటుంది, గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చార ఒకటి మిగులుతుంది. అది చూసి కొత్తరకం పిట్ట దొరికిందని నాకు ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. జిల్లేడు ఖాళీ స్థలంలో ఉంటే ఇంకా మంచిది, దాని మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళ్ళుంటాయి.

కాకులు, పావురాలు పంపొచ్చా?

పంపండి. కాకి ముక్కు మీద పడే ఉదయపు ఎండ ఎవరైనా బాగా తీస్తే చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది. పావురాల ఫొటో కోసం బాల్కనీలో గింజలు చల్లే పని మాత్రం పెట్టుకోకండి, కింది ఫ్లాట్ వాళ్ళు నన్ను తిడతారు.

పిట్ట పేరు తెలియదు. తెలుగులో ఏమంటారో అసలే తెలియదు.

పేరు తెలియకపోయినా పంపండి, ఎవరో ఒకరు చెబుతారు. మెర్లిన్ అనే యాప్ ఉచితం, ఫొటో చూపించినా కూత వినిపించినా పేరు చెబుతుంది. చెప్పిందల్లా నమ్మకండి, అప్పుడప్పుడు మన ఊళ్ళో లేనిది కూడా చెబుతుంది.

తెలుగు పేర్ల విషయంలో నాకు కాస్త పట్టింపు ఉంది. లకుముకి, పాలపిట్ట, పిగిలిపిట్ట, జెముడుకాకి, బుడుబుంగ, గిజిగాడు, తీతువు, ఇంత చక్కటి పేర్లుండగా "బ్రౌన్ కలర్ బర్డ్" అని రాస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అయితే ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు, ఒకే పేరు రెండు పిట్టలకి ఉండటం కూడా ఉంది. అందుకే తెలుగు పేరు పక్కన యాప్ చెప్పిన ఇంగ్లిష్ పేరు కూడా తెలుగు అక్షరాల్లో రాసేయండి, గొడవ ఉండదు. వలస వచ్చే చాలా పిట్టలకి జనం నోట తిరిగే తెలుగు పేరు లేదు, మీరు పెడితే నాకేం అభ్యంతరం లేదు. డ్యూటీ పిట్ట అలా వచ్చిందే.

ఇంకో సంగతి, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ సంస్థానాల వారీగా పక్షుల సర్వేలు మొదలుపెట్టింది మన హైదరాబాద్ సంస్థానంతోనే, 1931లో. నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది.

ఫొటోతో పాటు ఎక్కడ తీశానో రాయాలా?

దీనికి పెద్ద జవాబు ఉంది, ఎందుకంటే తప్పు చేసింది నేనే.

మూడేళ్ళ కింద ఒక కాలనీ పార్కులో ముసలి వేపచెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబల జంట కనిపించింది. సాయంత్రం ఎండలో రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకటి కళ్ళు మూసుకుని, ఒకటి పసుపు కళ్ళతో నన్నే చూస్తూ. ఉబ్బితబ్బిబ్బయి ఫొటో పంచుకున్నాను, గల్లీ పేరుతో సహా. ఆదివారం వెళ్ళేసరికి చెట్టు కింద ఎనిమిదిమంది. ఒకతను కర్రతో మాను మీద కొడుతున్నాడు, పిట్ట ఇటు చూడాలని. ఇంకొకతను ఫ్లాష్ వేస్తున్నాడు. "అన్నా, ఆపండి" అంటే "నువ్వు తీసుకున్నవ్ గదా, మేం తీసుకోవద్దా?" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజుల తర్వాత తొర్ర ఖాళీ. ఆ చలికాలం మళ్ళీ కనపడలేదు. దీపావళి రోజుల్లో క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్ళు కూడా ఉంటారని నాకు తర్వాత తెలిసింది, అప్పుడు ఇంకా భయమేసింది.

అప్పటి నుంచి నా లెక్క ఇది. కాకి, గోరింక, చెరువు మధ్యలో బాతులు, వీటికి చోటు రాయండి, మంచిదే. గుడ్లగూబ, గూట్లో పిల్లలున్న ఏ పిట్టయినా, పాము, నక్షత్ర తాబేలు, వీటికి "హైదరాబాద్" అంటే చాలు. ఎవరైనా ప్రైవేటుగా అడిగినా చెప్పను, అలిగినా సరే.

ఇంకోటి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ప్రతి ఫొటో లోపల ఎక్కడ తీశారో అంకెల్లో రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం చెక్కుచెదరకుండా వెళ్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ఆపేస్తే ఏ బాధా లేదు.

గూడు దొరికింది, పిల్లలు నోరు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కటే ఒక్క ఫొటో?

వద్దు. మీరు కొమ్మ పక్కకి తప్పిస్తే కాకికి దారి చూపించినట్టే.

యాప్‌లో కూత పెడితే పిట్ట దగ్గరికి వస్తుందట కదా?

వస్తుంది. తన ఇంట్లోకి ఇంకో మగపిట్ట దూరిందనుకుని కొట్లాటకి వస్తుంది. తిండి మానేసి అరగంట దాన్ని వెతుక్కుంటుంది. చలి పొద్దున దానికి ఆ అరగంట ఎంత విలువో ఆలోచించండి.

దసరాకి పంజరంలో పాలపిట్టని తెచ్చి చూపిస్తారు. ఆ ఫొటో కూడా పెట్టొచ్చా?

దసరా చలికాలం కిందికి రాదు గానీ ఆ ఫొటోలు దీపావళి దాకా తిరుగుతూనే ఉంటాయి కాబట్టి చెబుతున్నా. పెట్టకండి, దర్శనానికి డబ్బులూ ఇవ్వకండి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎగరకుండా రెక్కలు కట్టేసి, జిగురు పూసి తెస్తారు. పంజరంలో రామచిలుక ఫొటోకీ ఇదే జవాబు, అదీ నేరమే, మీ మేనమామ ఇంట్లో ఉన్నా సరే. శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు చేల మధ్య నుంచి వెళ్ళండి, కరెంటు తీగ మీద పాలపిట్ట తనంతట తానే కూర్చుని ఉంటుంది. ఎగిరినప్పుడు ఆ నీలం చూడండి, దర్శనం అంటే అది.

ఎడిట్ చేయొచ్చా?

కోయండి, వెలుతురు సరిచేయండి. లేని చంద్రుణ్ణి తెచ్చి పెట్టకండి. ఏఐ చేసిన పిట్ట బొమ్మలు దయచేసి వద్దు. పోయిన జనవరిలో నెమలికి చిలుక ముక్కు పెట్టిన బొమ్మ ఒకటి "హిమాలయాల్లో అరుదైన పక్షి" అని తిరిగి తిరిగి నాకే నాలుగుసార్లు వచ్చింది, పంపినవాళ్ళలో ఒకరు రిటైరైన సైన్సు టీచరు.

పార్కింగ్‌లో పాము కనిపించింది. ఫొటో తీసి పంపనా?

ముందు వెనక్కి జరగండి. చలికాలం పొద్దున్నే పాములు ఎండ కాచుకోవడానికి బయటికొస్తాయి. మన కాలనీల్లో తరచుగా కనిపించేది జెర్రిపోతు, విషం లేదు, ఎలుకల్ని తింటుంది. అయినా దూరం నుంచి చూసి ఇది ఫలానా అని తేల్చే ధైర్యం నాకే లేదు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు, వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళొచ్చే దాకా కర్ర పట్టుకున్నవాళ్ళని ఆపండి. ఫొటో ఆ తర్వాత.

సంక్రాంతికి మాంజా తగిలిన పిట్ట దొరికితే?

జనవరి రెండో వారంలో ఇది తప్పదు. నైలాన్, సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా ఏటా మా టెర్రస్ ట్యాంకు పైపుకి చుట్టుకుని దొరుకుతూనే ఉంది. ఎక్కువగా గద్దలకీ పావురాలకీ తగులుతుంది.

రెక్కకి చుట్టుకున్న దారాన్ని లాగకండి, లాగితే ఇంకా లోతుగా కోస్తుంది. పిట్టకి రెండు వైపులా దారం కత్తిరించి, గాయంలో ఉన్న ముక్కని అలాగే వదిలేయండి. మీద తువ్వాలు వేసి పట్టుకుని, గాలి కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టి మూత వేయండి, చీకటిగా ఉంటే శాంతిస్తుంది. ముక్కులో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థకో, దగ్గర్లోని పశువుల డాక్టరుకో చేర్చండి. పండగ అయిపోయాక చెట్లకి వేలాడే దారాలు ఏరడం మేం కనుమ మర్నాడు చేస్తాం. పోయినసారి మా బ్లాకు చుట్టూ ఒక్కటే తిరిగితే రెండు క్యారీ బ్యాగులు నిండాయి. ఆ బ్యాగుల ఫొటోనే ఆ రోజుకి నా ఫొటో.

కెమెరాతో తిరుగుతుంటే ఎవరూ ఏమీ అనరా?

అంటారు. మన ఊళ్ళో రక్షణ సంస్థల గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియదు, అటువైపు కెమెరా ఎత్తకండి, గోడ మీద ఏ పిట్ట కూర్చున్నా సరే. చెరువు దగ్గర బట్టలు ఉతికేవాళ్ళు, స్నానం చేసేవాళ్ళు ఉంటే లెన్స్ దించేయండి. చేపలు పట్టేవాళ్ళతో రెండు మాటలు కలపండి, ఏ పిట్ట ఏ మూల ఎన్నింటికి దిగుతుందో వాళ్ళకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. "ఫొటో వస్తలేదా అన్నా? ఆ తుంగ దిక్కు పో, ఆడ పండుకున్నయ్" అని ఒకాయన చెప్పబట్టే నాకు సూదితోక బాతులు దొరికాయి. ఒంటరిగా నిర్మానుష్యమైన గట్ల మీదికి మాత్రం వెళ్ళకండి, ముఖ్యంగా తెల్లవారకముందు.

రోజూ అదే పిట్ట, అదే తీగ. చూసేవాళ్ళకి విసుగు రాదా?

నాకు రాలేదు. మా వంటింటి కిటికీ ఎదురుగా కేబుల్ తీగ ఒకటుంది. డిసెంబర్‌లో పొద్దున్నే దాని మీద పసిరిక పిట్టలు వరసగా, భుజం భుజం రాసుకుంటూ, ఈకలు ఉబ్బించుకుని ఆకుపచ్చ లడ్డూల్లా కూర్చుంటాయి. ఎండ తగిలే దాకా కదలవు. ఓ చలికాలమంతా ఆ తీగనే తీశాను. వెచ్చగా ఉన్న రోజు మధ్యలో జానెడు ఖాళీ, బాగా చలి వేసిన రోజు సందు లేకుండా పదకొండు. ఎవరికి అంచు సీటు వస్తుందో దానికి ఒక పక్క చలే, కాసేపటికి ఎగిరి మధ్యలోకి దూరుతుంది, అంతా కదిలి సర్దుకోవాలి. అచ్చం సిటీ బస్సు. యాభై ఫొటోలు పక్కపక్కన పెట్టాకే నాకు ఈ సంగతి కనిపించింది, ఒక్కటి చూస్తే ఏమీ తెలియదు. అందుకే కొత్తవాళ్ళకి కొత్త చోట్లు వెతకొద్దంటాను, ఒక చోటు పట్టుకుని వదలొద్దంటాను.

కుదరని రోజు మానేయండి, హాజరుపట్టీ ఏమీ లేదు.

ఇవన్నీ మనలో మనమే చూసుకోవడమా, ఎవరికైనా పనికొస్తాయా?

పనికొస్తాయి. తేదీ, చోటు సరిగ్గా రాసి ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లలో పెడితే పరిశోధకులు వాడుకుంటారు. ప్రమాదంలో ఉన్న జీవుల చోటుని ఐనాచురలిస్ట్ తనే మసక చేసి చూపిస్తుంది. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. రెండో దానికి మీ బాల్కనీలో పావుగంట కూర్చుని లెక్కపెట్టినా చాలు. మా అత్తయ్య లెక్క: కాకులు ఆరు, పావురాలు "లెక్కలేనన్ని". యాప్ ఒప్పుకోలేదు, అంకె అడిగింది.

ఎప్పుడు ఆపుతారు?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, అప్పుడే. డ్యూటీ పిట్ట ఇంకో రెండు మూడు వారాలు ఉంటుంది. పోయినేడు అది రావడం మానేసిన రోజు నేను గమనించలేదు. వాచ్‌మన్ అన్నే పైకి ఫోన్ చేసి చెప్పాడు, "సార్, మూడు దినాలాయె, వస్తలేదు" అని. మడుగు ఫొటో ఒకటి తీసి పంపించాను, నీళ్ళు మాత్రమే ఉన్నది.